కాన్ఫరెన్స్ మ్యాచ్‌కు ప్రివ్యూ రాయడం ఎలా? కాలేజీ బాస్కెట్‌బాల్‌పై సమగ్ర మార్గదర్శి

2022 ఫిబ్రవరి 5న చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా యూనివర్సిటీ జట్టును డ్యూక్ యూనివర్సిటీ జట్టు 87–67తో చిత్తు చేసింది. సరిగ్గా నాలుగు వారాలకు, మార్చి 5న, అవే రెండు జట్లు డర్హమ్‌లోని కామెరాన్ ఇండోర్ స్టేడియంలో కలిశాయి. డ్యూక్‌కు సొంతగడ్డ. 1980 నుంచి ఆ జట్టును నడిపిన కోచ్ మైక్ షషెఫ్‌స్కీకి ఆ హాల్లో చివరి మ్యాచ్. గెలిచింది మాత్రం నార్త్ కరోలినా, 94–81తో. ఏప్రిల్ 2న న్యూ ఆర్లియన్స్‌లో ఫైనల్ ఫోర్‌లో, అంటే జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్లో, మూడోసారి తలపడితే మళ్లీ నార్త్ కరోలినాయే 81–77తో గెలిచింది.

తొలి రెండు మ్యాచ్‌ల మధ్య తేడా 33 పాయింట్లు. ఆటగాళ్లు దాదాపు వాళ్లే, కోచ్‌లూ వాళ్లే. మొదటి స్కోరును పట్టుకుని రెండో మ్యాచ్‌కు ప్రివ్యూ రాస్తే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీ జట్ల కూటమి. ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్న జట్లకు ఒకదాని ఆట ఇంకొకదానికి కంఠస్థం. ఏ సైగకు ఏ ఆట వేస్తారో అవతలి బెంచీకి ముందే తెలుసు. కాబట్టి ఎవరు బలమైన జట్టో చెప్పి ఊరుకుంటే చాలదు. గతసారి పనిచేసిన ఎత్తు ఈసారి కూడా పారుతుందా, పారకపోతే ఎందుకు అన్నది చెప్పాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ప్రశ్న కోసమే.

మ్యాచ్‌కు మూడు రోజుల ముందు పని మొదలుపెట్టండి. మొదటి రోజు అంకెలు, రెండో రోజు వీడియో, మూడో రోజు రాత.

ముందు నియమాలు

ఎన్‌బీఏ చూసే అలవాటుతో రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాలేజీ పురుషుల మ్యాచ్ అంటే 20 నిమిషాల అర్ధభాగాలు రెండు, మొత్తం 40 నిమిషాలు. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి గడువు) 30 సెకన్లు. మూడు పాయింట్ల గీత 22 అడుగుల 1¾ అంగుళాల దూరంలో ఉంటుంది. అయిదో ఫౌల్‌తో ఆటగాడు బయటికి వెళ్లాలి. ఎన్‌బీఏలో ఆరో ఫౌల్‌తో గానీ వెళ్లనక్కర్లేదు కాబట్టి ఇక్కడ ఫౌళ్ల బెడద చాలా ఎక్కువ. ఒక అర్ధభాగంలో ప్రత్యర్థి జట్టు ఏడో ఫౌల్ చేసినప్పటి నుంచి మొదటి ఫ్రీత్రో (ఫౌల్‌కు ప్రతిగా అడ్డులేకుండా వేసే షాట్) పడితేనే రెండోది దక్కుతుంది. పదో ఫౌల్ నుంచి రెండూ ఖాయం. మహిళల ఆట వేరు: 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, క్వార్టర్‌లో అయిదో ఫౌల్ నుంచే రెండు ఫ్రీత్రోలు. ఏ ఆట గురించి రాస్తున్నారో ఆ నియమాలకే కట్టుబడండి.

అడుగు 1: ఈ మ్యాచ్ ఎవరికి ఎంత అవసరం?

కాన్ఫరెన్స్ పాయింట్ల పట్టిక తీసి ఇద్దరి గెలుపోటములు రాసుకోండి. వెంటనే నమ్మకండి. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు 18 జట్లున్నాయి, ఒక్కో జట్టుకు 20 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. అంటే ముగ్గురు ప్రత్యర్థులతో రెండేసి సార్లు, మిగతా 14 మందితో ఒక్కోసారి. ఆ ముగ్గురు ఎవరన్నదాన్ని బట్టి 8–4 రికార్డు ఒకరికి గొప్ప, ఇంకొకరికి మామూలు. రికార్డు పక్కనే మూడు సంగతులు వేయండి: పైసగం జట్లపై ఎన్ని గెలిచారు, బయట ఎన్ని గెలిచారు, ఇంకా మిగిలిన మ్యాచ్‌లు ఎవరితో.

తర్వాత జట్ల బలాన్ని కొలిచే నెట్ ర్యాంకింగ్. 2018–19లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, పాత ర్యాంకింగ్ పద్ధతి ఆర్‌పీఐని తీసేసి దీన్ని తెచ్చింది. టోర్నమెంట్‌కు జట్లను ఎంపిక చేసే కమిటీ గెలుపులను నాలుగు క్వాడ్రంట్లుగా విడదీసి చూస్తుంది. మొదటి క్వాడ్రంట్ గెలుపు కావాలంటే సొంత హాల్లో 1–30 ర్యాంకు జట్టును, తటస్థ వేదికపై 1–50 లోపు జట్టును, ప్రత్యర్థి హాల్లో 1–75 లోపు జట్టును ఓడించాలి. ఈ తేడా వల్ల ఒకే మ్యాచ్ రెండు జట్లకు రెండు విలువలతో ఉంటుంది. 60వ ర్యాంకు జట్టు ఇంట్లో 40వ ర్యాంకు జట్టు ఆడుతుంటే, అతిథికి అది మొదటి క్వాడ్రంట్ అవకాశం, ఆతిథ్య జట్టుకు రెండోదే. ప్రివ్యూ మొదటి పేరాలో ఈ వాక్యం ఉంటే పాఠకుడికి ఉత్కంఠ ఎక్కడుందో తెలుస్తుంది. 2022 మార్చి 5న డ్యూక్ అప్పటికే కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానంలో ఉంది. ఆకలి నార్త్ కరోలినాదే. ఆ తర్వాత దానికి టోర్నమెంట్‌లో దక్కింది ఎనిమిదో సీడ్ మాత్రమే. ఆ సీడ్‌తోనే ఫైనల్ దాకా వెళ్లి, అక్కడ కాన్సస్ చేతిలో 72–69తో ఓడింది.

అడుగు 2: నాలుగు అంకెలు, ఒక హారం

మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లు కొడుతున్నారన్న లెక్కతో ప్రివ్యూ రాయకండి. 280 పరుగులు చేశారని చెప్పి, 50 ఓవర్లలోనా 20 ఓవర్లలోనా అని చెప్పకపోతే క్రికెట్‌లో ఎలా ఉంటుందో, బాస్కెట్‌బాల్‌లో పొజెషన్ల సంఖ్య లేని పాయింట్లూ అంతే. పొజెషన్ అంటే బంతి ఒక జట్టు చేతిలో ఉన్న ఒక విడత. వేగంగా ఆడే జట్టు ఎక్కువ కొడుతుంది, ఎక్కువ ఇస్తుంది. అందులో గొప్పా లేదు, లోపమూ లేదు.

బాక్స్ స్కోర్ (మ్యాచ్ గణాంకాల పట్టిక) నుంచి పొజెషన్లు ఇలా తీయండి. తప్పిన షాట్‌ను పట్టుకుంటే రీబౌండ్, షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకుంటే టర్నోవర్:

పొజెషన్లు = షాట్ ప్రయత్నాలు − దాడిలో పట్టిన రీబౌండ్లు + టర్నోవర్లు + 0.475 × ఫ్రీత్రో ప్రయత్నాలు

ఊహించిన ఒక ఉదాహరణ: 60 షాట్లు, దాడిలో 10 రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీత్రోలు. 60 − 10 + 12 + 9.5 = 71.5 పొజెషన్లు. ఆ జట్టు 78 పాయింట్లు చేసి ఉంటే 100 పొజెషన్లకు 109.

ఆ 109 ఎలా వచ్చిందో చెప్పేవి గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన నాలుగు అంశాలు:

- షూటింగ్: (పడిన షాట్లు + పడిన మూడు పాయింట్ల షాట్లలో సగం) ÷ ప్రయత్నాలు. 28 షాట్లు పడి, వాటిలో 8 మూడు పాయింట్లవైతే (28 + 4) ÷ 60 = 53.3 శాతం. 50కి అటూఇటూ ఉంటే మామూలు జట్టు.
- టర్నోవర్లు: 12 ÷ 71.5 = 16.8 శాతం. 20 దాటితే ప్రమాదం.
- దాడి రీబౌండ్లు: మనవి ÷ (మనవి + ప్రత్యర్థి తన బుట్ట దగ్గర పట్టినవి). 10, 24 అయితే 29.4 శాతం.
- ఫ్రీత్రో రేటు: ఫ్రీత్రో ప్రయత్నాలు ÷ షాట్ ప్రయత్నాలు. 20 ÷ 60 = 33.3 శాతం.

రెండు జట్లకూ దాడిలో నాలుగు, రక్షణలో నాలుగు అంకెలు రాసుకుని ఎదురెదురుగా పెట్టండి: ఒకరి దాడి రీబౌండింగ్ పక్కన ఇంకొకరి రక్షణ రీబౌండింగ్. ఎనిమిది జతలు వస్తాయి. అన్నిటి గురించీ రాయకండి. ఒక వైపు బలం, ఎదుటి వైపు బలహీనత ఉన్న జతను వెతకండి. అలాంటివి మహా అయితే రెండో మూడో ఉంటాయి. మీ ప్రివ్యూకు వెన్నెముక అవే.

కెన్ పొమెరాయ్ సైటు, బార్ట్ టోర్విక్ సైటు ఈ లెక్కలన్నిటినీ ప్రత్యర్థి బలానికి తగ్గట్టు సవరించి ఇస్తాయి. టోర్విక్‌లో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు మాత్రమే, ఫలానా తేదీ నుంచి మాత్రమే అని వడపోసుకోవచ్చు. జనవరి చివరి నుంచి ఆ వడపోత తప్పకుండా వాడండి. నవంబరులో చిన్న జట్లపై సాధించిన 40 పాయింట్ల గెలుపులు ఫిబ్రవరి మ్యాచ్ గురించి ఏమీ చెప్పవు.

అడుగు 3: అదృష్టాన్ని వేరుచేయండి

ఇక్కడ ఓపిక పడితే మీ ప్రివ్యూ మిగతావాటికంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

ప్రత్యర్థులు మనపై మూడు పాయింట్ల షాట్లను 28 శాతమే వేస్తున్నారంటే అది గొప్ప రక్షణ అనిపిస్తుంది. నిజానికి ఆ శాతం చాలావరకు రక్షణ చేతిలో ఉండదు. దాని చేతిలో ఉండేది ప్రత్యర్థిని అసలు ఎన్ని మూడు పాయింట్ల షాట్లు వేయనిస్తోంది అన్నది. అందుకే శాతం బదులు ప్రయత్నాల వాటా చూడండి: ప్రత్యర్థి షాట్లలో మూడు పాయింట్లవి ఎంత భాగం? 45 శాతం వేయనిస్తూ, అవి పడక గెలుస్తూ వస్తున్న జట్టు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటుంది. 20 షాట్లలో 5 బదులు 8 పడితే 9 పాయింట్ల తేడా. అంతకంటే తక్కువ తేడాతో తేలే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎన్నో.

ప్రత్యర్థి ఫ్రీత్రోల శాతం మీదా మన రక్షణకు అదుపు లేదు. ఇక అయిదు పాయింట్ల లోపు తేడాతో వరుసగా గెలిచిన జట్టును చివరి నిమిషాల్లో గట్టి జట్టని పొగడటం చాలా ప్రివ్యూల్లో కనబడే పొరపాటు. దగ్గరి మ్యాచ్‌ల ఫలితాలు అంతగా నిలకడగా ఉండవు. ఆ మాట రాయాలనిపిస్తే, ఆ జట్టు చివర్లో బంతి ఎవరి చేతికి ఇస్తోంది, అతని ఫ్రీత్రో శాతం ఎంత అన్నదీ చెప్పండి.

అడుగు 4: మొదటి మ్యాచ్ వీడియో

ఈ సీజన్లో ఇద్దరూ ఒకసారి ఆడి ఉంటే ఆ మ్యాచ్ పూర్తిగా చూడండి. ఆడకపోతే ఒక్కో జట్టు చివరి రెండు మ్యాచ్‌లు చూడండి. పురుషుల మ్యాచ్‌లో ప్రతి అర్ధభాగంలో 16, 12, 8, 4 నిమిషాలు మిగిలాక వచ్చే మొదటి విరామంలో టీవీ టైమ్‌అవుట్ ఉంటుంది. కాగితాన్ని ఆ ముక్కలుగానే విడగొట్టి, ఒక్కో ముక్కలో స్కోరు, కోర్టులో ఎవరున్నారు, ఏం మారింది అని రాసుకోండి. 15 పాయింట్ల ఆధిక్యం తరచూ ఒకే ఒక్క ముక్కలో పుడుతుంది. ఆ ముక్కలో ఎవరో ఒక ముఖ్య ఆటగాడు ఫౌళ్లతో బెంచీ మీద ఉండి ఉంటాడు. అదే నిజమైతే చివరి స్కోరు మీకు చెప్పేది తక్కువ.

అన్నిటికంటే ముందు బాల్ స్క్రీన్ రక్షణను గమనించండి. బంతి ఉన్నవాడికి సహచరుడు అడ్డుగా నిలబడి దారి ఇచ్చినప్పుడు ఎదుటి పొడవాటి ఆటగాడు ఏం చేస్తున్నాడు? వెనక్కి తగ్గి బుట్టను కాస్తున్నాడా, పైకొచ్చి బంతిని ఆపుతున్నాడా, ఇద్దరూ మనుషులను మార్చుకుంటున్నారా? తగ్గితే మధ్యదూరం షాట్, అడ్డుపెట్టినవాడు బయటికి జరిగి వేసే మూడు పాయింట్ల షాట్ దొరుకుతాయి. పైకొస్తే బుట్ట దగ్గర ఖాళీ. మార్చుకుంటే పొట్టి రక్షకుడి మీదికి పొడవాటివాడు, పొడవాటి రక్షకుడి మీదికి వేగమైనవాడు. మొదటి మ్యాచ్‌లో ఒక పద్ధతి దెబ్బతింటే రెండోసారి కోచ్ దాదాపుగా దాన్నే మారుస్తాడు. ఏం మార్చగలడో మీరు ముందే రాయగలిగితే ప్రివ్యూకు అంతకంటే విలువైన వాక్యం లేదు.

నార్త్ కరోలినా 2022 జట్టు దీనికి చక్కని పాఠం. ఓక్లహోమా నుంచి వచ్చిన బ్రేడీ మేనెక్ పొడవాటివాడే అయినా దూరం నుంచి షాట్ వేయగలడు. అతను బయట నిలబడితే లోపల అర్మాండో బేకట్‌కు చోటు, బంతి నడిపే గార్డులు కేలెబ్ లవ్, ఆర్‌జే డేవిస్‌లకు దారి. మార్చి 5న ఆ నలుగురూ తలా 20 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లు చేశారు: బేకట్ 23, లవ్ 22, డేవిస్ 21, మేనెక్ 20. ఒక్కడిని ఆపితే ఆగిపోయే దాడి కాదది. ఎవరెన్ని పాయింట్లు చేస్తారని ఎవరూ ముందు చెప్పలేరు. కానీ కోర్టులో చోటు ఎలా తెరుచుకుంటుందో ముందే చెప్పవచ్చు.

అడుగు 5: ఎవరు ఆడుతున్నారు?

ఆటగాళ్లు కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ నియమాలు 2021లో సడలాక జట్లు ఏటా సగం మారిపోతున్నాయి. గత అయిదేళ్లలో ఈ జట్టుపై ఆ జట్టుదే పైచేయి అన్న వాక్యం అందుకే పనికిరాదు. అప్పుడు ఆడినవాళ్లలో ఇప్పుడు ఎందరున్నారో చూడండి, ఇద్దరి కంటే తక్కువైతే ఆ చరిత్ర వదిలేయండి.

గాయాల వార్తలకు ఆటగాళ్ల లభ్యత నివేదికలు చూడండి. ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ 2024–25 నుంచి తన కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు వీటిని తప్పనిసరి చేసింది. నివేదికలు లేని కాన్ఫరెన్స్‌లలో కోచ్ విలేకరుల సమావేశమే ఆధారం. ఆయన చెప్పిన మాటనే రాయండి, దానికి మీ ఊహ కలపకండి.

ఒక ఆటగాడు లేకపోతే అతని సగటు పాయింట్లను జట్టు స్కోరులోంచి తీసేయడం తప్పు. ఆ షాట్లు వేరేవాళ్లు వేస్తారు. అసలు నష్టం వాళ్ల సామర్థ్యంలో తేడా, ఇంకా అతని స్థానంలో వచ్చినవాడి రక్షణ. డ్యూక్, నార్త్ కరోలినాల కాన్ఫరెన్స్ ఏసీసీ. 2025 ఏసీసీ టోర్నమెంట్ సెమీఫైనల్లో తన ప్రధాన ఆటగాడు కూపర్ ఫ్లాగ్ గాయంతో లేకున్నా డ్యూక్ నార్త్ కరోలినాను 74–71తో ఓడించింది. అదే సీజన్లో నార్త్ కరోలినాపై అతను ఆడిన రెండు మ్యాచ్‌లలో డ్యూక్ గెలిచిన తేడా 17, 13 పాయింట్లు. అంత గొప్ప ఆటగాడు లేకపోయినా జట్టు కుప్పకూలలేదు, కానీ మ్యాచ్ అంచుకు వచ్చింది.

బెంచీ లోతు కూడా ఇక్కడే రాయండి. మొదటి అర్ధభాగంలో రెండు ఫౌళ్లు పడిన ఆటగాడిని విరామం దాకా కూర్చోబెట్టే కోచ్‌లు చాలామంది. ఆ జట్టులో రెండో పొడవాటి ఆటగాడు 10 నిమిషాలు నెట్టుకురాగలడా లేదా అన్నదే కొన్నిసార్లు మ్యాచ్.

అడుగు 6: హాలు, విశ్రాంతి, ప్రయాణం

సొంతగడ్డ విలువ సగటున 3 పాయింట్ల పైచిలుకు. కామెరాన్‌లో పట్టేది 9,314 మందే. పదిమైళ్ల దూరంలోని నార్త్ కరోలినా హాలు డీన్ స్మిత్ సెంటర్‌లో 21,750 మంది పడతారు. అయినా హోరు విషయంలో పేరు కామెరాన్‌దే, విద్యార్థులు కోర్టును ఆనుకునే నిలబడతారు కాబట్టి. ఫలానా హాలుకు 6 పాయింట్లు, 7 పాయింట్లు అని ఇష్టం వచ్చినట్టు వేయకండి.

విశ్రాంతి రోజులు లెక్కపెట్టండి. శనివారం ఆడి సోమవారం మళ్లీ ఆడే జట్టుకు సిద్ధమవడానికి ఒక్క రోజే దొరుకుతుంది. 2022 ఫిబ్రవరి 5, శనివారం, చాపెల్ హిల్‌లో 20 పాయింట్లతో గెలిచిన డ్యూక్, 7వ తేదీ సోమవారం సొంత హాల్లోనే వర్జీనియా చేతిలో 69–68తో ఓడింది. ఒక ఉదాహరణతో సూత్రం కట్టలేం గానీ, పెద్ద మ్యాచ్ తర్వాత 48 గంటల్లో వచ్చే మ్యాచ్‌ను తేలికగా రాయకూడదు. 2024 నుంచి లాస్ ఏంజెలిస్ జట్లు, న్యూజెర్సీలోని రట్గర్స్ ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నాయి: మూడు గంటల సమయం తేడా. వ్యోమింగ్ జట్టు హాలు 7,220 అడుగుల ఎత్తున ఉంది, అక్కడికెళ్లే అతిథులకు ఊపిరే సమస్య. ఇవేవీ లేకపోతే ఈ భాగాన్ని ఒక్క వాక్యంతో ముగించండి.

అడుగు 7: అంచనా

సవరించిన అంకెలతో చేతిలెక్క వేయండి. దాడి, రక్షణ అంటే 100 పొజెషన్లకు చేసే, ఇచ్చే పాయింట్లు; వేగం అంటే మ్యాచ్‌కు పొజెషన్లు. ఆతిథ్య జట్టు: దాడి 118, రక్షణ 98, వేగం 69 పొజెషన్లు. అతిథి: దాడి 114, రక్షణ 95, వేగం 66. దేశ సగటు సామర్థ్యం 106, వేగం 68 అనుకుందాం.

- ఆతిథ్య జట్టు సామర్థ్యం: 118 + 95 − 106 = 107
- అతిథి సామర్థ్యం: 114 + 98 − 106 = 106
- పొజెషన్లు: 69 + 66 − 68 = 67
- పాయింట్లు: 107 × 0.67 = 71.7, 106 × 0.67 = 71.0
- సొంతగడ్డకు 3.2 పాయింట్లు, సగం అటు కలిపి సగం ఇటు తీసేస్తే: 73.3, 69.4

అంటే 73–69. ఇలాంటి అంచనాకూ అసలు ఫలితానికీ మధ్య ప్రామాణిక విచలనం (ఫలితాలు అంచనా చుట్టూ ఎంత చెదురుతాయన్న కొలత) సుమారు 11 పాయింట్లు. కాబట్టి 4 పాయింట్ల మొగ్గు అంటే గెలిచే అవకాశం 64 శాతమే. మొగ్గు 10 పాయింట్లుంటే 82. ఈ శాతాన్ని ప్రివ్యూలో తప్పక రాయండి. అంతా అయ్యాక పొమెరాయ్ అంచనాతో పోల్చండి. అయిదు పాయింట్ల కంటే ఎక్కువ తేడా వస్తే చాలాసార్లు కారణం మీరు చూడని గాయమో, తప్పుగా ఎక్కించిన అంకో అయి ఉంటుంది.

అడుగు 8: రాత

600 నుంచి 800 పదాలు చాలు. మొదటి పేరాలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఎందుకు అవసరం. సమయం రెండు చోట్లకూ ఇవ్వండి, ఎందుకంటే డర్హమ్ పక్క ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లూ చదువుతారు, పిల్లలు అక్కడ చదువుకుంటున్న ఇక్కడి తల్లిదండ్రులూ చదువుతారు. ఫిబ్రవరిలో అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 అంటే మనకు మర్నాడు ఉదయం 7:30. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం ముందుకు జరిగాక 6:30.

రెండో పేరా నుంచి మీరు పట్టుకున్న ఆ ఒకటి రెండు జతలు. ప్రతి జతకూ అంకె, ఆ అంకెకు కారణం, కోర్టులో అది ఎలా కనబడుతుందో ఒక వాక్యం. "అతిథి జట్టు తప్పిన షాట్లలో 36 శాతం తిరిగి పట్టుకుంటోంది" అని ఆగకండి. ఆతిథ్య జట్టు స్క్రీన్ల దగ్గర మనుషులను మార్చుకుంటుంది కాబట్టి షాట్ పడే సమయానికి వాళ్ల పొడవాటివాడు బుట్టకు దూరంగా ఉంటాడని, ఆ రీబౌండ్లకు దారి అదేనని చెప్పండి. తర్వాత లభ్యత, చివర్లో అంచనా స్కోరు, శాతం, ఇంకా ఏం జరిగితే మీ అంచనా తారుమారవుతుందో.

పట్టుదల, కసి, ఊపు లాంటి మాటలకు ఆధారం చూపలేకపోతే కొట్టేయండి. పొడవైన పట్టికలు పెట్టకండి, అంకెలు వాక్యాల్లోనే రావాలి.

మ్యాచ్‌కు గంట ముందు లభ్యత నివేదిక మరోసారి చూసి, మార్పుంటే అంచనా సవరించి, సవరించినట్టు అక్కడే రాయండి. మ్యాచ్ అయ్యాక బాక్స్ స్కోర్‌తో ఆ ఎనిమిది జతలను మళ్లీ లెక్కకట్టండి. విజేతను సరిగ్గా చెప్పారా అన్నదానికంటే మీరు ఎంచిన జత దగ్గరే మ్యాచ్ తేలిందా అన్నది చూసుకోండి. రెండు జట్లూ ఈ సీజన్లో మళ్లీ కలిసేట్టుంటే ఆ కాగితం దాచిపెట్టండి, తర్వాతి ప్రివ్యూలో నాలుగో అడుగు సగం పూర్తయినట్టే.